ముప్పై మూడేళ్ళు ముందుకా, వెనక్కా?

మారతహళ్ళి నుంచి:
‘డార్క్’ అనే జర్మన్ సీరియల్ (2017–2020, మూడు సీజన్లు) కథని తెలుగులో రెండు పేజీలకు కుదిస్తున్నాను. ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కింద గుట్టంతా బయటపడుతుంది. చిక్కల్లా ఈ వాక్యంతో: ‘మికెల్ ముప్పై మూడేళ్ళ ముందుకి వెళ్ళాడు.’ మికెల్ అనే పిల్లాడు 2019 నుంచి 1986కి వెళ్ళాడని నా ఉద్దేశం. చదివినవాళ్ళు 2052 అనుకుంటున్నారు. ‘వెనక్కి’ అని మార్చేస్తే సరిపోతుందాండీ?

మల్లేశ్వరం నుంచి:
ఈ వాక్యం వరకూ సరిపోతుంది. రెండో పేజీలో మళ్ళీ దొరికిపోతారు. ముందు, వెనక రెండూ రెండు పక్కలా తిరిగే మాటలు. ‘ముందుంది ముసళ్ళ పండగ’లో ముందు అంటే రాబోయేది. ‘ముందు వచ్చిన చెవులకన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి’లో ముందు అంటే గడిచింది, వెనక అంటే తరవాతిది. మళ్ళీ ‘వెనకటి రోజుల్లో’ అన్నామంటే ఆ వెనకే గతం అయి కూర్చుంటుంది.

ఇది తిక్క కాదు, లెక్క ఉంది. ముసళ్ళ పండగలో మనిషి దారిన నడుస్తున్నాడు. ఎదురుగా ఉన్నది ఇంకా రానిది. చెవులూ కొమ్ముల దగ్గర నడిచే మనిషి లేడు, సంఘటనలు వరస కట్టి నిలబడ్డాయి; వరసలో మొదటిది ముందు. మామూలు కథలో ఏ లెక్కో సందర్భమే చెప్పేస్తుంది. కాలంలో ప్రయాణించే కథలో నడిచే మనిషీ ఉంటాడు, సంఘటనల వరసా ఉంటుంది, రెండూ ఒకే వాక్యంలో ఎదురుబొదురు. మీ వాక్యానికి పట్టిన తెగులు అదే.

ఇంకో సూక్ష్మం ఉంది చూడండి. ‘మూడేళ్ళ ముందుకి’ అంటే ఇన్నేళ్ళకు మునుపటి చోటికి. ‘మూడేళ్ళు ముందుకి’ అంటే ఇన్నేళ్ళు దాటి అవతలికి. మీరు రాసింది తప్పు కాదు. కానీ ఆ ఒక్క ‘ళ్ళ’, ‘ళ్ళు’ తేడా మీద ముప్పై మూడేళ్ళ బరువు పెట్టకూడదు. చదివేవాళ్ళ కళ్ళకి అది ఆనదు.

రాజాజీనగర్ నుంచి:
పైగా మన బెంగళూరులో ఇంకో తంటా. కన్నడంలో ‘ముందిన వార’ అంటే వచ్చే వారం, ‘హిందిన వార’ అంటే పోయిన వారం. తెలుగులో ‘ముందు వారం’ అంటే అంతకు మునుపటి వారం. రోజంతా రెండూ వినే చెవులకి ‘ముందు’ కనపడగానే కన్నడ లెక్కే తడుతుంది. బెంగళూరు పాఠకుల కోసమైతే ‘ముందు వారం’, ‘ముందు ఏడాది’ అసలు వాడకండి. పోయిన, వచ్చే అనే మాటలున్నాయి కదా.

జయనగర్ నుంచి:
‘క్రితం’ కూడా జాగ్రత్తండీ. దాని లెక్క మాట్లాడే మనిషి నిలబడ్డ రోజు నుంచి. 1986లో పోలీసు అధికారి ఈగోన్ నోట ‘ముప్పై మూడేళ్ళ క్రితం’ అంటే 1953. 2019లో ఇంకొకరి నోట అదే మాట 1986. కథ చెప్పే మీకు నిలబడ్డ రోజంటూ లేదు కాబట్టి మీ సొంత వాక్యాల్లో క్రితం పనికిరాదు, ‘అంతకు ముప్పై మూడేళ్ళ ముందు’ అనాలి. క్రితాన్ని పాత్రల మాటలకే వదిలేయండి.

మల్లేశ్వరం నుంచి:
బాగా చెప్పారు. దాన్నే ఇంకొంచెం సాగదీస్తే సీరియల్ మొత్తానికీ ఒక సూత్రం దొరుకుతుంది: క్రియ మనిషి వెంట పోతుంది, కాలాన్ని చెప్పే మాట క్యాలెండర్ వెంట పోతుంది. ‘1986లో ఆపుతాను’ అని 2019 మనిషి అన్నాడనుకోండి. సంవత్సరం గడిచిపోయింది, క్రియ భవిష్యత్తు. అయినా వాక్యానికి ఏ లోపమూ లేదు, ఎందుకంటే ఆపడం అతనికి ఇంకా జరగలేదు.

క్త్వార్థకం, అంటే వెళ్ళి, చేసి, చూసి లాంటివి, ఈ సూత్రానికి గట్టి పరీక్ష. ‘మికెల్ 2019లో గుహలోకి వెళ్ళి 1986లో బయటపడ్డాడు’ నిక్షేపంగా ఉంది. క్యాలెండర్ ప్రకారం బయటపడటమే ముందు. అయినా ‘వెళ్ళి’కి ఆ పట్టింపు లేదు, మికెల్ ఒంటికి ఏది ముందు జరిగిందో అదే చాలు.

ఇక అసలు ముడి. మికెల్ 1986లోనే ఉండిపోయి, పెరిగి మిహాయెల్ అవుతాడు, కథానాయకుడు యోనాస్‌కి తండ్రి అవుతాడు, 2019 జూన్‌లో ప్రాణం తీసుకుంటాడు. పిల్లాడు మికెల్ తప్పిపోయింది అదే ఏడు నవంబరులో. ‘చనిపోయి తప్పిపోయాడు’ అనలేం, ఆ మనిషి బతుకులో వరస అది కాదు. ‘మిహాయెల్ చనిపోయాక నాలుగున్నర నెలలకి మికెల్ తప్పిపోయాడు’ అనొచ్చు. ‘చనిపోయాక’ క్యాలెండర్‌కి లొంగుతుంది. మీ రెండు పేజీల్లో ఎక్కడ -ఇ పెట్టాలో, ఎక్కడ -ఆక పెట్టాలో ఇదే గీటురాయి.

యలహంక నుంచి:
ఒక అభ్యంతరం. ‘వాన కురిసి చెరువు నిండింది’ అంటాం. కురిసింది వాన, నిండింది చెరువు. ఒకే మనిషి బతుకు వరస ఇక్కడ లేదే?

మల్లేశ్వరం నుంచి:
మంచి పట్టు. కర్తలు వేరైనప్పుడు క్త్వార్థకం కారణాన్ని మోస్తుంది. అదీ ఈ కథకి కలిసొచ్చేదే. ‘మికెల్ తప్పిపోయి యోనాస్ పుట్టాడు’ అని రాసి చూడండి. 2019 నాటికి యోనాస్ హైస్కూల్ కుర్రాడు, పుట్టుకే ముందు. కానీ కారణం తప్పిపోవడం, ఫలం పుట్టుక. వాక్యం వింతగా ఉంటుంది గానీ తప్పు కాదు. ఈ సీరియల్ తర్కమంతా ఇలాంటిదే: కారణాల గొలుసు తెగదు, క్యాలెండర్ మీదే వెనక్కి మడత పడుతుంది.

విశేషణాలైతే రెండు పక్షాలకీ మొగ్గుతాయి. ఆ జూన్‌లో మిహాయెల్‌ని ‘తప్పిపోయిన పిల్లాడు’ అన్నా సరే, ‘తప్పిపోబోయే పిల్లాడు’ అన్నా సరే. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి.

జయనగర్ నుంచి:
కథ చెప్పడానికి వెళ్ళాడు కన్నా ‘వెళ్తాడు’ మేలు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తద్ధర్మం (ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే రూపం) అని వేరే పెట్టిన ‘వండును’, ‘ఉదయించును’ పని ఇప్పుడు ఈ -తాడు రూపమే చేస్తోంది. ఇదే భవిష్యత్తు కూడా. ‘మికెల్ గుహలోకి వెళ్తాడు’ అంటే రేపు వెళ్తాడనీ, ఎప్పుడూ వెళ్తూనే ఉంటాడనీ. చక్రంలా తిరిగే కథకి ఇంతకన్నా అమరిన రూపం లేదు.

యలహంక నుంచి:
విషయానికి కొంచెం పక్కదారి. ముప్పై మూడేళ్ళకి సూర్యచంద్రుల లెక్కలు కలుస్తాయని సీరియల్లో అంటారు. 33 సౌర సంవత్సరాలకీ, పన్నెండేసి చాంద్రమాసాల 34 ఏళ్ళకీ తేడా నాలుగైదు రోజులే. మన పంచాంగంలో అధికమాసం ఆ తేడాని ఎప్పటికప్పుడు సర్దేస్తుంది కాబట్టి ముప్పై మూడుకి విలువ లేదు, మనది అరవై ఏళ్ళ చక్రం. కథ జరిగే మూడు నవంబర్లకీ మన సంవత్సరాల పేర్లు: 1953 విజయ, 1986 అక్షయ, 2019 వికారి. అరవైలో వికారి ముప్పై మూడోది, ఇది మాత్రం కాకతాళీయం.

మారతహళ్ళి నుంచి:
సంతోషమండీ. ఇంకొక్కటి. యోనాస్ పెద్దవయసు యోనాస్‌ని కలిసే చోట ‘తనని తాను చూసుకున్నాడు’ అని రాశాను.

రాజాజీనగర్ నుంచి:
అద్దంలో చూసుకున్నట్టుంది! -కొను చేరిందంటే పని చేసినవాడి దగ్గరికే తిరిగొస్తుంది. ఇక్కడ రెండు ఒళ్ళున్నాయి. ‘పెద్దవయసు తనని చూశాడు’ అనండి. సీరియల్లోనే షార్లొట్టె, ఎలిజబెట్ ఒకరికొకరు తల్లీ కూతుళ్ళు అన్న ముడికైతే ‘ఎలిజబెట్ అమ్మమ్మ ఎలిజబెట్టే’ అంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది.

మల్లేశ్వరం నుంచి:
చివరిగా పేర్ల సంగతి. ఇద్దరూ ఒకరేనని చెప్పే వాక్యం దాకా పిల్లాడు మికెల్, పెద్దాయన మిహాయెల్. ఆ తరవాత పేరు పక్కన ఏడు రాయండి: 1986 మికెల్, 2019 మిహాయెల్. ముందు, వెనక రెండింటి అవసరమూ సగానికి పైగా తగ్గిపోతుంది.