అప్‌డేట్: నా ఎర్ర పెన్నీ స్టాంపు ప్లేట్ 77 కాదు

నా దగ్గరున్న విక్టోరియా రాణి ఎర్ర పెన్నీ స్టాంపు మీద ప్లేట్ నంబరు (ఏ అచ్చు పలకతో ముద్రించారో చెప్పే నంబరు) '77' కనిపిస్తోంది, చాలా అరుదైన ఆ ప్లేట్‌దేనా అని అడిగాను కదా. తేలిపోయింది. అది 177.

1864 నుంచి వచ్చిన ఈ బ్రిటన్ స్టాంపుల్లో ప్లేట్ నంబరు రెండు పక్కలా అల్లికలాంటి డిజైన్లో చిన్నగా, నిలువుగా ఉంటుంది. నేను ఎడమ పక్క మాత్రమే చూసి సంబరపడ్డాను. కుడి పక్కన తపాలా ముద్ర సిరా సరిగ్గా నంబరు మీదే పడింది. "పది రెట్ల లెన్స్ పెట్టు, రెండో పక్క చూడు" అని మీలో ఒకరు చెప్పాక పగటి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూశా. సిరా కింద 1 గీత సన్నగా ఉంది. ఎడమ పక్కన ఆ అంకె ఉండాల్సిన చోట కాగితం పీచు లేచింది, అల్లిక గీతలు తెగాయి. ఎవరో గీకేశారు! రెండు 7లూ మధ్యలో లేకుండా ఒక వైపుకి జరిగి ఉన్నాయి. ముందే అనుమానం రావాల్సింది.

వాటర్‌మార్కు (కాగితంలో దాగి ఉండే గుర్తు), 14 పెర్ఫొరేషన్ (అంచు చిల్లుల కొలత, 2 సెం.మీ.కి 14) రెండూ సరిపోయాయని మొదట ధీమాగా రాశాను. స్టాంపు అసలుదే కాబట్టి అవి సరిపోక ఏమవుతాయి? మార్చింది నంబరొక్కటే. ప్లేట్ 77ని లోపాలుండి పక్కన పెట్టేశారు, బయటికి వచ్చినవి వేళ్లమీద లెక్కే. 177 మాత్రం బోలెడు.

మూలల్లోని అక్షరాలు షీటులో స్థానాన్నే చెబుతాయి, ప్లేటుని కాదు. అదీ నేను తప్పుగానే అనుకున్నాను. స్టాంపుని 'గీకిన 177' అని చీటీ రాసి ఆల్బంలోనే ఉంచాను.