‘కాస్త కన్ను మూస్తాను’: ఇది వ్యంగ్యమేనా?

ప్రశ్న:
నాలుగు పేజీల నేరకథ ఒకటి రాస్తున్నాను. తమ్ముడు పాలలో విషం కలిపి అన్నకి గ్లాసు అందిస్తాడు. అన్న దాన్ని బల్ల మీద పెట్టి, “నువ్వొచ్చావుగా, ఇక నాకు బెంగ లేదు. ఇది తాగి కాస్త కన్ను మూస్తాను” అంటాడు. చదివిన మిత్రుడొకరు “వ్యంగ్యం బాగా పండింది” అన్నారు. వ్యంగ్యం అనగానే నాకు వెటకారమే తోస్తుంది. అన్న ఎవర్నీ వెటకరించట్లేదు కదా! ఐరనీకి వేరే మాట ఉందా?

మొదటి జవాబు:
అలంకారశాస్త్రంలో వ్యంగ్యమంటే వ్యంజన వల్ల, అంటే నేరుగా చెప్పకుండా స్ఫురింపజేసే శక్తి వల్ల, తోచే అర్థం, అంతే. ఆ లెక్కన మీ మిత్రుడిది తప్పు కాదండి. కాకపోతే వ్యంగ్యచిత్రాలూ వ్యంగ్యాస్త్రాలూ వచ్చాక ఆ మాట వెటకారం వైపు ఒరిగిపోయింది. వెటకారంలో రెండో అర్థం అన్నవాడికి తెలుసు. ఇక్కడ అన్నకి తెలియదు, తమ్ముడికీ మనకీ తెలుసు.

రెండో జవాబు:
దీనికి పాత పేరే ఉంది, పతాకాస్థానకం: ఒకటి అనుకుని అన్న మాట రాబోయే మరొకదాన్ని సూచించడం. వేణీసంహారం అనే సంస్కృత నాటకం రెండో అంకంలో దుర్యోధనుడు భార్య భానుమతితో, నువ్వు కూర్చోవడానికి నా తొడలు చాలవా అన్న ధోరణిలో మాట్లాడుతుంటాడు. ‘మమోరుయుగ్మమ్’ (నా తొడల జంట) అన్నాడో లేదో అంతఃపుర సేవకుడైన కంచుకి పరుగున వచ్చి “దేవ, భగ్నం భగ్నం” (విరిగింది, విరిగింది) అంటాడు. ఎవరిచేత? “భీమేన” (భీముడి చేత అనీ, భీకరమైనదాని చేత అనీ). ఎవరిది? “భవతః” (తమరిది). తీరా చూస్తే విరిగింది రథం మీది జెండా, విరిచింది భీకరమైన గాలి. ఇలాంటిదాన్నే కొందరు లాక్షణికులు ‘గండం’ అన్నారు. నేరకథకి ఇంతకన్నా నప్పే పేరు దొరుకుతుందా!

అడిగినవారు:
పతాకాస్థానకం అనేసరికే ఊపిరి అయిపోయేలా ఉంది, గండమే నయం. విషం సంగతి మాత్రం చివరి పేరాలో బయటపెడదామనుకున్నానండి, మలుపు ఉంటుందని.

రెండో జవాబు ఇచ్చినవారు:
అప్పుడు పాఠకుడు ఒక్కసారి ఉలిక్కిపడతాడు, అంతటితో సరి. ఉత్కంఠ ఎక్కణ్ణుంచి వస్తుంది? భీముడి ప్రతిజ్ఞ ముందే తెలిసినవాడికే ఆ ‘భగ్నం’ గుచ్చుకుంటుంది. విషం కలపడం మొదటి పేజీలోనే చూపించేయండి. ఆ తర్వాత గ్లాసుని బల్ల మీదే ఉంచి, అన్నచేత ఎంతసేపైనా మాట్లాడించండి. “తాగన్నయ్యా, చల్లారిపోతుంది” అని తమ్ముడి నోట వస్తే అది మళ్ళీ వేరే సంగతి, ఎందుకంటే వాడికి తెలుసు. అన్న మీగడ తీసి, “నీకిష్టం కదరా” అని వాడి ముందుకే జరిపితే?

మూడో జవాబు:
‘కాస్త’ని కదపకండి. కలిపి రాస్తే ‘కన్నుమూశాడు’ చావు కబురే. విడదీసి, ముందు ‘కాస్త’ పెడితే నిద్రలా వినిపిస్తుంది. ఎవరూ కాస్త చచ్చిపోరు కదా. ఆ మాట ఉంది కనకే అన్న అమాయకంగా అన్నట్టుంది. ‘కన్ను మూస్తాను’ అన్న మాట మాత్రం కథంతటికీ ఒక్కసారే. రెండోసారి వాడితే పాఠకుడికి అన్న కనపడడు, రచయిత కనపడతాడు.

అడిగినవారు:
మీగడ తమ్ముడి ముందుకు జరిపేశాను. ఇప్పుడు వాడిచేత ఏమనిపించాలో తోచట్లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
“వద్దన్నయ్యా, మానేశాను” అనిపించండి. “ఎప్పట్నుంచిరా?” అని అన్న అడుగుతాడు.