సమస్యాపూరణం: కేక వేసినంత గీతమగును

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

కేక వేసినంత గీతమగును

పూరణ డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు రాక్ బృందపు గాయకుడు ఇయన్ గిలన్ గానం మీద ఉండాలి. రాక్ పాటంటే అరుపులేనని పెదవి విరిచేవారు మనలోనూ ఉన్నారు. వారి మాటనే సమస్యగా ఇచ్చాను. ఫలానా పాట అద్భుతం అని మెచ్చుకుంటే చాలదు. ఆ కేక ఎక్కడ, ఎలా పాట అయిందో పద్యంలో కనబడాలి.

తరంగిణి:
నా పూరణ ‘చైల్డ్ ఇన్ టైమ్’ గురించి.

మంద్రమందు మొలిచి మధ్యమమున నిల్చి
తారకెగసి నింగిఁ దాకునపుడు
గిలను గొంతులోనఁ గెరలెడి శోకమ్ము
కేక వేసినంత గీతమగును

నిర్వాహకుడు:
తరంగిణి గారూ, చాలా బాగుంది. గణాలు, యతులు సరిగ్గా కుదిరాయి. ‘మంద్రమందు మొలిచి’ అన్నచోట పాట నడక పట్టుబడింది. 1970 నాటి ‘డీప్ పర్పుల్ ఇన్ రాక్’ రికార్డులో పది నిమిషాలు దాటిన పాట ఇది. ఆర్గన్ మీద జాన్ లార్డ్ ఎత్తుకునే వరుసకు ప్రేరణ ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ అనే అమెరికన్ బృందం వాయించిన ‘బాంబే కాలింగ్’. దాన్ని వీళ్ళు బాగా నెమ్మది చేసి వాడుకున్నారు.

ఆ నెమ్మదిలోనే గిలన్ మెత్తగా మొదలుపెడతాడు. మాటలు కొద్దిపాటివే, ఆ తర్వాత అంతా ఆలాపన. ఒకే వరుసను మొదట లోగొంతుతో, తర్వాత గొంతు విప్పి, చివరికి కేకగా పాడతాడు. మారేది స్థాయి మాత్రమే. అందువల్ల ఆ కేక ఉన్నట్టుండి మీద పడినట్టు ఉండదు. అది ఎక్కడికి చేరబోతోందో చెవికి ముందే తెలిసిపోతుంది, అయినా చేరినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. యుద్ధభయం కమ్మిన కాలపు పాట కనుక ‘శోకమ్ము’ అన్న మాట కూడా సరిగ్గా పడింది. ఒక్క సూచన: ‘మధ్యమమున’ అంటే స్వరం పేరనుకునే ప్రమాదం ఉంది. మంద్ర, తార స్థాయిల పక్కన ఉండడంతో అర్థం నిలబడింది. మార్చనక్కరలేదు.

మిన్నేరు:
గురువుగారికి నమస్సులు. నాది 1972 ఆగస్టు నాటి జపాన్ కచేరీ మీద.

గిటరు పలికినట్టి కిటుకులన్నియుఁ దాను
గొంతు తోడ మరల గుమ్మరించి
రిచ్చియెదుట నిల్చి రెచ్చి పోటీపడి
కేక వేసినంత గీతమగును

నిర్వాహకుడు:
మిన్నేరు గారూ, అభినందనలు. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’ పాటను ఆ కచేరీ రికార్డు ‘మేడ్ ఇన్ జపాన్’లో విన్నవారికి ఈ పద్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. బృందపు గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ (పద్యంలోని ‘రిచ్చి’) గిటార్ మీద ఒక పలుకు విసురుతాడు, గిలన్ దాన్ని అలాగే గొంతుతో తిరిగి ఇస్తాడు. పలుకు చిన్నదవుతుంది, వంకర తిరుగుతుంది, పైకి పోతుంది, గొంతు వదలదు. మన కచేరీల్లో గాత్రానికీ వయొలిన్‌కూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం విని పెరిగినవారికి ఈ ఆట వెంటనే పట్టుబడుతుంది. చివర ఆయన వేసే పొడుగాటి కేక పోటీలో ఆఖరి జవాబు. ‘గుమ్మరించి’ అన్న క్రియ నాకు మరీ నచ్చింది.

పాతపల్లవి:
అందరూ కేకలనే మెచ్చుకుంటున్నారు. నేను ఒప్పుకోను.

కనులు లేని వాని కన్నీటి పాటలో
గొంతు తగ్గఁ దెలిసె గుండె బరువు
ఎవ్వరనిరి మీకు నీ మాట? నిజమౌనె?
కేక వేసినంత గీతమగును?

‘వెన్ ఎ బ్లైండ్ మాన్ క్రైస్’ 1972లో ఒక సింగిల్‌కు వెనకవైపు పాటగా వచ్చింది, అదే ఏడాది వచ్చిన వాళ్ళ ‘మెషీన్ హెడ్’ ఎల్పీ రికార్డులో చోటు దక్కలేదు. నా దృష్టిలో గిలన్ పాడినవాటిలో అదే మేటి. ఒపేరా గాయకుడు పవరోటితో కలిసి ‘నెస్సున్ డోర్మా’ అనే ఒపేరా పాట పాడిన మనిషిని అరుపులతో కొలవడం అన్యాయం.

నిర్వాహకుడు:
పాతపల్లవి గారూ, సమస్యను ప్రశ్నగా తిప్పిన మీ పూరణ చమత్కారంగా ఉంది. ‘గొంతు తగ్గఁ దెలిసె గుండె బరువు’ ఈ వారం వచ్చిన పాదాలన్నిటిలోకీ ఉత్తమం. ఆ పాట గొప్పదన్నదీ నిజమే. అయితే కేకను పక్కన పెట్టాలన్న మాటతో ఏకీభవించలేను. అంత తగ్గించి పాడగలిగిన గొంతు కాబట్టే హెచ్చినప్పుడు అందులో శ్రుతి చెదరలేదు. రెండూ ఒకే సాధన. దీనికి సాక్ష్యంగా నా పూరణ:

ఏసు పాత్ర దాల్చి యేకాంత వేళలో
తండ్రి ముందు తనదు తాపమెల్ల
వెళ్ళబోసుకొనఁగ వినువారి మదిలోన
కేక వేసినంత గీతమగును

1970లో వచ్చిన ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ అనే రాక్ ఒపేరా రికార్డులో ఏసు గొంతు గిలన్‌దే. సినిమాలో ఆ పాత్ర ఆయన వేయలేదు, రికార్డులో గొంతుతోనే నటించాడు. గెత్సేమనే తోటలో రాత్రి, తానెందుకు చావాలని కొడుకు తండ్రిని నిలదీసే పాట అది. గొణుగుడులా మొదలవుతుంది. ప్రశ్న బలపడేకొద్దీ గొంతు పైకి జరుగుతుంది, ఒకచోట మాట కేకగా పగులుతుంది. ఆ తర్వాత వచ్చే లొంగుబాటు వినండి, గొంతులో అలసట కూడా పాటలో భాగమే. నాకు ఒక్క పాటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను.

వెన్నెలదారి:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి.

వయసు మీద పడిన వదలలే దా పాట
నిజము దాచనట్టి నేర్పరతడు
నాటి గానమిపుడు నాదముద్రికలోన
కేక వేసినంత గీతమగును

నిర్వాహకుడు:
వెన్నెలదారి గారూ, ఛందస్సు చక్కగా ఉంది. చిక్కు విషయంలో వచ్చింది. ‘ఆ పాట’ అంటే ‘చైల్డ్ ఇన్ టైమ్’, ‘నాదముద్రిక’ అంటే రికార్డు అనుకుంటున్నాను. వయసుతో ఆ కేకలు కష్టమై, కచేరీల్లో దాన్ని పాడడం మానేశారు. మానేశాడని చెబితేనే మీ రెండో పాదానికి బలం వస్తుంది. మొదటి పాదం ఇలా మార్చి చూడండి:

వయసు మీద పడఁగ వదలె నా పాటను

వెన్నెలదారి:
ధన్యవాదాలు గురువుగారూ. ఇప్పుడు రెండు పాదాలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అలాగే ఉంచుతాను.

నిర్వాహకుడు:
సంతోషం. వచ్చే వారం సమస్య తేటగీతిలో:

నీటి మీదను మంటలు నిలిచి వెలిగె

స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రూ కాసినో 1971 డిసెంబరు 4న తగలబడి, డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ది వాటర్’ పాటకు మూలమైన సంగతి తెలిసినవారికి దారి చూపనక్కరలేదు. తెలియనివారు మరో దారిలో పూరించినా సంతోషమే.