చేతిలో ఉన్న క్రెడిట్ కార్డుల మీదే తక్కువ వడ్డీ ఆఫర్లు: అమెరికాలోని మనవారి అనుభవాలు

డాలస్_నివాసి:
సభ్యులకు నమస్కారం. ఆసుపత్రి ఖర్చుల వల్ల మా ఇంట్లో ఒక కార్డు మీద 10,000 డాలర్ల బాకీ నిలిచిపోయింది. దానిమీద ఏటా 22 శాతం వడ్డీ పడుతోంది. త్వరలో ఇంటి రుణానికి దరఖాస్తు చేయబోతున్నాం కాబట్టి కొత్త కార్డు జోలికి వెళ్లదలచుకోలేదు. వేరే బ్యాంకుల కార్డులు రెండు ఇప్పటికే ఉన్నాయి. పాత కార్డుల మీద బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (ఒక కార్డు బాకీని తక్కువ లేదా సున్నా వడ్డీకి మరో బ్యాంకు కార్డుకు మార్చుకోవడం) ఆఫర్ పొందినవారు దయచేసి వివరాలు చెప్పగలరు.

ఎడిసన్_రావు:
ముందుగా ఆ రెండు ఖాతాల్లోకీ లాగిన్ అయి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ పేజీ చూడండి. చాలాసార్లు ఆఫర్ అక్కడే ఉంటుంది, ఎవరూ మనకు ఫోన్ చేసి చెప్పరు. నాకైతే చాలాకాలం వాడకుండా పక్కన పెట్టిన కార్డు మీదే మంచి ఆఫర్ వచ్చింది. ఏమీ కనబడకపోతే కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేసి, ఈ ఖాతాకు ప్రమోషనల్ రేటు (కొంతకాలం మాత్రమే ఉండే తక్కువ వడ్డీ) ఏదైనా ఉందా అని నేరుగా అడగండి. ప్రకటనలు వద్దని గతంలో సెట్టింగుల్లో ఎంచుకుని ఉంటే దాన్ని మార్చుకోండి. ఒకే బ్యాంకుకు చెందిన రెండు కార్డుల మధ్య బాకీ మార్చడం సాధారణంగా కుదరదు. మీవి వేర్వేరు బ్యాంకులవి కనుక ఆ ఇబ్బంది లేదు.

అట్లాంటా_పద్మ:
రావు గారు చెప్పిన దానికి ఒక ముఖ్యమైన విషయం జోడిస్తాను. బాకీని ఏ కార్డుకు మార్చారో ఆ కార్డుతో ఆ తర్వాత సరుకులు కూడా కొనకండి. నెలనెలా మొత్తం బిల్లు కట్టేవారికి కొనుగోళ్ల మీద వడ్డీ లేని గడువు ఉంటుంది. కానీ బదిలీ చేసిన బాకీ నిలిచి ఉన్నంతకాలం చాలా కార్డుల మీద ఆ గడువు పోతుంది కాబట్టి, కొత్త కొనుగోళ్లకు మొదటి రోజు నుంచే మామూలు రేటు పడుతుంది. సున్నా శాతం అని నమ్మినవారికి స్టేట్‌మెంటులో వడ్డీ కనబడేది ఇందువల్లే. క్రెడిట్ కార్డులపై అమెరికాలో 2009లో వచ్చిన కార్డ్ చట్టం ప్రకారం కనీస మొత్తానికి మించి కట్టిన సొమ్ము ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకే ముందు జమ కావాలి. అది మంచిదే గానీ, ఆ మేరకు బదిలీ చేసిన బాకీ తరగకుండా ఉండిపోతుంది. రోజువారీ ఖర్చుకు వేరే కార్డు పెట్టుకోండి.

లెక్కల_మాస్టారు:
రుసుము కూడా చూసుకోవాలి. సాధారణంగా 3 నుంచి 5 శాతం ఉంటుంది, అదీ మొదటే బాకీలో కలుస్తుంది. 4 శాతం రుసుముతో 12 నెలల సున్నా వడ్డీ అనుకుంటే మీ బాకీ 10,400 అవుతుంది; నెలకు 867 డాలర్ల చొప్పున కడితే తీరిపోతుంది. ఇప్పుడున్న 22 శాతంతోనే ఏడాదిలో తీర్చాలంటే నెలకు 936 కట్టాలి, వడ్డీకే సుమారు 1,230 పోతుంది. లాభం స్పష్టమే. అయితే అసలు మొత్తం నెలనెలా తరుగుతుంది కనుక, ఆ 4 శాతం నిజానికి ఏటా 7 శాతం పైచిలుకు వడ్డీతో సమానం. ఇదే ధైర్యంతో తీసుకున్న సొమ్మును ఇండియాలో ఎన్నారై డిపాజిట్‌లో వేసి లాభం పొందాలని చూసేవారికి నేను గట్టిగా వద్దని చెబుతాను. రూపాయి మారకం రేటు కాస్త అటూ ఇటూ అయితే మిగులు మొత్తం పోతుంది.

ఎడిసన్_రావు:
కార్డు ఇచ్చిన బ్యాంకు పోస్టులో పంపే చెక్కులతోనూ ఇదే పని చేయవచ్చు. ప్రమోషనల్ రేటు, అది ముగిసే తేదీ, రుసుము, చెక్కు ఏ తేదీలోపు వాడాలన్నది ఆ కాగితం మీద తప్పనిసరిగా ఉంటాయి. గడువు దాటిన చెక్కు వాడితే ఆ రేటు వర్తించకపోవచ్చు.

డాలస్_నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఒక కార్డు మీద 12 నెలల ఆఫర్ కనిపించింది. బదిలీ పూర్తయ్యేవరకు పాత కార్డుకు కట్టాలా? ఒక వాయిదా ఆలస్యమైతే ఆఫర్ రద్దవుతుందా?

అట్లాంటా_పద్మ:
తప్పక కట్టాలండీ. బదిలీకి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా పట్టవచ్చు. బదిలీ జరిగిన రోజు వరకు పేరుకున్న వడ్డీ పాత కార్డు తర్వాతి బిల్లులో వస్తుంది, దాన్నీ కట్టేయండి. ప్రమోషనల్ రేటు కనీసం 6 నెలలు ఉండాలని, చెల్లింపు 60 రోజులకు మించి ఆలస్యమైతే తప్ప గడువుకు ముందే దాన్ని తీసేయకూడదని నేను పైన చెప్పిన కార్డ్ చట్టమే చెబుతోంది. అయినా ఆలస్య రుసుము పడుతుంది, పైగా 30 రోజులు దాటితే క్రెడిట్ రిపోర్టుకు ఎక్కవచ్చు. మీరు ఇంటి రుణానికి వెళ్తున్నారు కాబట్టి ఈ రోజే ఆటోపే (బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే జరిగే చెల్లింపు) పెట్టండి. బాకీ చేరిన కార్డు పరిమితి దాదాపు నిండిపోతే క్రెడిట్ స్కోరు తగ్గవచ్చు కనుక, బదిలీకి ముందే మీ రుణ ఏజెంటును ఒకసారి సంప్రదించండి.