మెటల్ పాటను లౌంజ్‌గా మారిస్తే నవ్వు రావట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

మంద్రస్థాయి:
రిచర్డ్ చీజ్ (రాక్, మెటల్ పాటలను లౌంజ్‌గా, అంటే హోటల్ లౌంజ్‌లో వినపడే మెత్తని జాజ్ పాటల్లా మార్చి పాడే అమెరికన్ గాయకుడు) తరహాలో ఒక మెటల్ పాటను పియానో, బేస్, డ్రమ్స్‌తో చేస్తున్నాం. స్కేల్ ఇ మైనర్, రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ ముక్క) అంతా ఇ5, జి5, ఎ5 పవర్ కార్డులే (రూట్ అనే ఆధారస్వరం, ఐదో స్వరం మాత్రమే కలిపి వాయించేవి), టెంపో నిమిషానికి 92 బీట్లు. స్వింగ్ (జాజ్‌లోని ఊగే లయ) పెట్టినా అదే పాటను మెత్తగా వాయించినట్టుంది. మధ్యలో ర్యాప్ ముక్క ఒకటి ఉంది, దానికి బాణీయే లేదు. ఏం చేయాలి?

ఎడమచేయి:
పవర్ కార్డులో మూడో స్వరం ఉండదు కాబట్టి రంగు (మేజరా, మైనరా అన్నది) మీ ఇష్టం. ఇ మైనర్ 9, జి మేజర్ 7, ఎ13 వేయండి. ఎడమచేత్తో కార్డులోని 3, 7 స్వరాలు (రూట్ నుంచి లెక్క) చాలు. రూట్ బేస్‌కి వదిలేయాలి, ఇద్దరూ అదే పలికిస్తే మంద్రంలో అంతా కలగాపులగం. టెంపో 126–132కి పెంచండి. చరణంలో బేస్ బార్‌కి (నాలుగు బీట్ల ఆవృతానికి) రెండు స్వరాలు, కోరస్‌లో నాలుగు. డ్రమ్స్‌కి కర్రల బదులు బ్రష్‌లే, హైహాట్ (జంట తాళాలు) కాలితో 2, 4 బీట్ల మీద. రాక్ అలవాటుకొద్దీ అక్కడ స్నేర్ గట్టిగా పడితే స్వింగ్ పోయినట్టే.

రిఫ్‌ను మాత్రం పూర్తిగా తీసేయకండి. మొదటి నాలుగు బార్లలో దాని లయ పియానోలో వినపడాలి. ఏ పాటో తెలియకపోతే ఎవరూ నవ్వరు.

మైక్‌దగ్గర:
గాత్రమే అసలు సంగతి. అరిచే పాటలు పైస్థాయిలో ఉంటాయి, మూడు నాలుగు సెమిటోన్లు (అరస్వరాలు) దించండి. మైక్‌కి 5–8 సెంటీమీటర్ల దూరంలో పాడితే గొంతుకి నిండుదనం వస్తుంది, గుబగుబమంటే 80–100 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాన్ని ఈక్వలైజర్‌లో కోసేయండి. కోపపు మాటలను ప్రేమపాటంత శ్రద్ధగా, ప్రతి అక్షరం తెలిసేలా పలకాలి. గాయకుడే నవ్వితే వినేవాళ్లకి ఏమీ మిగలదు. ర్యాప్‌కి కార్డులోని 1, 3, 5, 6 స్వరాలతో చిన్న బాణీ కట్టి, పంక్తి చివరి మాటను సాగదీయండి. రెండున్నర నిమిషాలు దాటనివ్వకండి.

మంద్రస్థాయి:
ధన్యవాదాలండీ. యూట్యూబ్‌లో పెట్టడానికి అనుమతి కావాలా?

హక్కులపద్దు:
కావాలి. అమెరికా కాపీరైట్ చట్టం సెక్షన్ 115 కింద వచ్చే లైసెన్స్‌తో మీ శైలికి తగ్గట్టు అమరిక మార్చుకోవచ్చు, మూల బాణీని, పాట స్వభావాన్ని మాత్రం మార్చకూడదు. అది ఆడియోకే. వీడియోకి పబ్లిషర్ దగ్గర సింక్ అనుమతి (పాటను దృశ్యంతో జతచేయడానికి) వేరే తీసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో కవర్ పాటలకు వర్తించే సెక్షన్ 31సి ఇంకా బిగువు: తొలి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలి, సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మార్పులు కుదరవు. మీరు చేసేదే మార్పు కనుక, హక్కుదారుతో నేరుగా రాతపూర్వక ఒప్పందం చేసుకోండి.