సగ్గుబియ్యంలో సగ్గు ఎక్కడిది?

చెన్నై మాంబళంలో మా వీధి చివర కొట్టులో సగ్గుబియ్యం అడిగితే ఆయనకి ఒక పట్టాన అర్థం కాలేదు. డబ్బా చూపించాక "ఓ, జవ్వరిసియా!" అన్నారు. మా పక్కవాటా కన్నడావిడ దాన్నే సబ్బక్కి అంటారు. బియ్యం, అరిసి, అక్కి. మూడు భాషల్లోనూ తోక ఒకటే, తలే వేరు. కర్రపెండలం పిండితో చేసే పూసలకి బియ్యమన్న పేరెందుకు? ఆ సగ్గు ఏమిటి? "సగం ఉడికించి ఆరబెడతారు కనక సగ్గు" అనేది మా అమ్మ, డాబా మీద వడియాలు పెడుతూ. ఇంకొకరేమో జవ్వరిసిలో జవ్వే మన జావ అంటున్నారు. పెద్దలు చెప్పండి.

*

అమ్మా, మీ అమ్మగారి మాట ముచ్చటగా ఉంది గాని, సగ్గుకీ సగానికీ చుట్టరికం లేదు. అది మలయా మాట, 'సగు'. న్యూగినీ, మొలుక్కా దీవుల చిత్తడి నేలల్లో పెరిగే ఒక తాళజాతి (తాటికోవ) చెట్టు మానులోంచి తీసే పిండికి ఆ పేరు.

ఆ చెట్టు జన్మకోసారే పూస్తుంది. ఏళ్ల తరబడి మానులో పిండి కూడబెట్టుకుని, అదంతా పూతకీ కాయకీ ఖర్చు పెట్టి చచ్చిపోతుంది. అందుకని పూతకి ముందే నరుకుతారు. మాను నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని తురిమి, నీళ్లు పోసి పిసికి వడకడితే పిండి అడుక్కి దిగుతుంది. మంచి మానుకి 150 నుంచి 300 కిలోల దాకా వస్తుంది. ఆ పిండిని పూసకట్టి ఆరబెడితే చెడకుండా ఓడల్లో ఎంత దూరమైనా వెళ్తుంది. మనకి సరుకూ పేరూ కలిసే వచ్చాయి.

ఇక బియ్యం. కొర్రబియ్యం, సామబియ్యం, వెదురుబియ్యం అంటాం కదా. బియ్యమంటే వరి ఒక్కటే కాదు, పొట్టు వదిలి ఎసట్లో పొయ్యడానికి సిద్ధమైన గింజ ఏదైనా బియ్యమే. తెల్లగా గుండ్రంగా ఉన్న ఈ పూసల్ని చూసి మనవాళ్లు గింజల్లోనే కలిపేసుకున్నారు.

జవ్వరిసి అంటే జావా నుంచి వచ్చిన అరిసి అని తమిళులు చెబుతారు. సరుకు వచ్చిన దారి అటే కనక నాకది నమ్మదగిందిగానే ఉంది. మన జావ మాత్రం వేరు. వైద్యగ్రంథాల్లో చెప్పిన యవాగువు, అంటే యవల (బార్లీ) గంజి, జనం నోట జావ అయిందని నా నమ్మకం. యజ్ఞం జన్నమైంది, యాత్ర జాతరైంది, ఇదీ అంతే. జావా ద్వీపాన్ని కూడా రామాయణం కిష్కింధాకాండలో యవద్వీపమనే అన్నారు. రెండింటి వెనకా యవ కనిపిస్తోంది గాని, గంజి పేరు ద్వీపం నుంచి రాలేదు.

*

మేష్టారూ, మాది పెద్దాపురం, ఉండేది అంబత్తూరులో. మా వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో చెట్టు అన్న మాటే వినపడదు, అంతా కర్రపెండలమే. దుంప కడిగి, తోలు తీసి, రుబ్బి, పాలు తేర్చి, ఆ తడిపిండిని గుడ్డలో వేసి ఊపితే పూసకడుతుంది. పెనాల మీద వేడిచేసి ఎండబోస్తారు. సేలంలో కూడా 1940లలో, యుద్ధం వల్ల మలయా సరుకు ఆగిపోయాకే ఈ పని పుంజుకుంది. 1981లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు, 2023లో సేలం జవ్వరిసికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దుంప పిండికి చెట్టు పేరు అంటుకుపోయిందన్నమాట.

*

మీ పెద్దాపురం పేరు ఎత్తారు కనక నా మనసులో మాట చెబుతాను. పక్కనే సామర్లకోట. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లేముందు అక్కడే ఉండి మొక్కల మీద పనిచేశాడు. తాళజాతిదే అయిన జీలుగు చెట్టు గురించి ఆయన రాసినది చదివితే నాకు ఒళ్లు ఝల్లుమంది. ముదిరిన మాను లోపలి పిండి మలయా సగ్గుకి ఏమీ తీసిపోదనీ, కరువులో జనం దాంతో రొట్టెలు చేసుకుని, జావ కాచుకుని బతికారనీ రాశాడు.

అంటే సగ్గు మనకీ ఉంది! జీలుగు అనగానే మనకి కల్లే గుర్తొస్తుంది, దాని పిండి తలపుకే రాదు. మన్యంలో కొండరెడ్లకి జీలుగు ఎంత దగ్గరిదో వినే ఉంటారు. మీ చెన్నై తోటల్లో కూడా చేపతోక లాంటి ఆకులతో, విరబోసిన జుట్టులా వేలాడే పూగుత్తులతో కనిపిస్తుంది చూడండి. తమిళంలో కూందల్‌పనై. కూందల్ అంటే కురులే. ఎంత చక్కటి పేరు! కన్నడంలో బైనె.

నిఘంటువులు తిరగేసేవాళ్లు ఒకటి గమనించాలి. పొలంలో పచ్చిరొట్టకి చల్లే జీలుగ వేరు, తేలికైన బెండుకి వాడే నీటిమొక్క జీలుగు వేరు, ఈ చెట్టు వేరు. మూడింటినీ కలిపేసిన అనువాదాలు చూసి బాధపడ్డాను.

*

మేష్టారూ, మాది తిరుపతి. శేషాచలం కొండల్లో పేరీత అని ఒకటుంది. చూడ్డానికి ఈతలాగే ఉంటుంది. అదీ ఈ కోవలోదేనా?

*

చూపుకే ఈత అమ్మా, నిజానికి తాళజాతే కాదు, సైకస్ అనే వేరే జాతి మొక్క. పేరోలగంలో, పేరురంలో ఉన్న 'పేరు' ఇదే, పెద్ద అని అర్థం. తమిళంలో ఈచ్చమరం, కన్నడంలో ఈచల మర మన ఈతకి తోబుట్టువులు. కేరళలో సైకస్‌నే ఈంత్ అంటారు, దాని గింజల పిండి తింటారు. కాని అందులో విషం ఉంటుంది, ఎన్నో నీళ్లు మార్చి నానబెడితే గాని తినడానికి పనికిరాదు. శేషాచలం పేరీత ఆ కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు, దయచేసి దాని జోలికి ఎవరూ వెళ్లకండి.

*

అందరికీ దణ్ణాలు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "అయితే తేగ కూడా పిండే కదే, చీలిస్తే మధ్యలో చందమామ అని తినేవాళ్లం, దానికి ఏ దేశం పేరూ అక్కర్లేకపోయిందే" అంది. ఇక్కడ పొంగల్ ముందు పనంకిళంగు, అంటే తేగల కట్టలు వస్తాయి, ఈసారి కొని పంపిస్తాను. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వాళ్లెవరైనా ఉంటే ఒక్క సాయం చెయ్యండి. జీలుగు మాను పిండిని, దాని రొట్టెని మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాటతో పిలుస్తారో, యాస దిద్దకుండా అలాగే ఇక్కడ రాయండి.