విత్తన ఆలుగడ్డ: చేలో బాగా వచ్చింది, నిల్వలో కుళ్ళింది

దుంపలబండి:
నమస్తే అందరికీ. పోయినసారి విత్తనానికని వేసిన ఆలుగడ్డ ఏపుగా పెరిగింది, యూరియా మూడు దఫాలు వేశాను, తవ్వే రోజు దాకా ఆకు పచ్చగానే ఉంది. తవ్వేటప్పుడు బొటనవేలితో రుద్దితే తొక్క లేచిపోయింది, అయినా పట్టించుకోలేదు. కోల్డ్ స్టోరేజీ నుంచి తీస్తే సగం బస్తాల్లో మెత్తటి కుళ్ళు. మిగిలినవి మరీ లావు, విత్తనానికి ఎవరూ తీసుకోలేదు. తప్పు స్టోరేజీ వాళ్ళదా, నా ఎరువులదా?

పాతనాగలి:
స్టోరేజీ వాళ్ళని తర్వాత తిడుదువుగాని తమ్ముడూ, వేలితో రుద్దితే తొక్క లేచిందని నువ్వే రాశావు కదా. యూరియాలోని నత్రజని ఆలస్యంగా పడితే మొక్క ముదరదు, పైన ఆకు పెడుతూనే ఉంటుంది, కింద తొక్క గట్టిపడదు, తవ్వేటప్పుడు తగిలిన ప్రతి గీరుడూ కుళ్ళుకి దారే. తినే పంట కంటే విత్తన పంటకి నత్రజని తగ్గించాలి. దుక్కిలో కొంత, మట్టి ఎగదోసేటప్పుడు మిగతాది, అంతే, ఆ తర్వాత సంచి ముట్టుకోకు. ఇంకోటి, ఆకు మరీ ముదురు పచ్చగా ఉంటే మొజాయిక్ అనే వైరస్ తెగులు మచ్చలు సరిగ్గా కనపడవు, కేళీలు, అంటే తేడా మొక్కలు, ఏరేటప్పుడు వైరస్ మొక్కలు తప్పించుకుంటాయి. తినే పంటలో ఇది పెద్ద లెక్క కాదు, విత్తనంలో కొంప ముంచుతుంది.

మట్టిపరీక్ష:
పై మాటతో ఏకీభవిస్తున్నా. పొటాష్ సంగతి కూడా చూసుకోండి, అది చాలకపోతే దుంప దెబ్బ తగిలిన చోట లోపల నల్లబడుతుంది. మ్యూరేట్, అంటే క్లోరైడ్ ఉండే పొటాష్ ఎరువు, వేస్తే దుంపలో పొడి పదార్థం తగ్గుతుందంటారు, నిజమే, కానీ అది చిప్స్ పంటకి బాధ, విత్తనానికి అంత పట్టింపు లేదు. భాస్వరం మాత్రం నాటేటప్పుడే వేరుకి దగ్గరగా పడాలి, ఆలుగడ్డ వేరు లోతుకి పోదు.

దుంపలబండి:
మెత్తటి కుళ్ళుకి కాల్షియం పిచికారీ చేయమన్నారు ఒకరు. పనిచేస్తుందా అండీ?

మట్టిపరీక్ష:
ఆకు మీద కొడితే దుంపకి దాదాపు ఏమీ చేరదు. కాల్షియం నీటితోపాటు పైకి పోతుందే గానీ ఆకు నుంచి కిందికి దిగదు. దుంప మీదా, అది వేలాడే తీగ మీదా ఉండే సన్న వేర్లే దానికి కాల్షియం అందిస్తాయి, కాబట్టి దుంపలు ఊరే బోదె మట్టిలోనే ఉండాలి. అందుకే కాల్షియం ఉండే జిప్సం మట్టిలో వేయడం. సున్నం వేయకండి, నేల పీహెచ్ పెరిగి గజ్జి తెగులు పట్టుకుంటే ఆ దుంప విత్తనంగా పోదు.

రెండెడ్లు:
ఎరువుల గోల సరే, సైజు మాటేంటి? విత్తనానికి అడిగేది దాదాపు 35 నుంచి 55 మిల్లీమీటర్ల దుంప, లావు దుంపలు తూకానికి బాగుంటాయి గానీ మీకు పనికిరావు. దగ్గరగా నాటండి, దుంపలు ఎక్కువై సైజు తగ్గుతుంది. దుంప ఆ సైజుకి రాగానే, వైరస్ మోసే పేనుబంక పెరగకముందే నీళ్ళు ఆపి పైమొక్క కోసేయండి. తర్వాత 10–15 రోజులు దుంపల్ని మట్టిలోనే వదిలేస్తే తొక్క ముదురుతుంది. నేనూ ఒకసారి తొందరపడి 4 రోజులకే తవ్వాను, మీ బస్తాల కథే నాదీ.

దుంపలబండి:
మూడో దఫా యూరియా వేసిన వారానికే తవ్వాను అన్నా. ఇంక స్టోరేజీ వాళ్ళని ఏమనను.